జులై ఒకటో తారీఖు మనుషులు

ఎవరి ప్రశ్న ముందు అడగాలన్న గొడవ పొద్దున్న పళ్ళు తోముకునేటప్పుడు మొదలై, కాఫీల దగ్గర ముదిరి, పెద్దకోడలు జడ వేసుకునే వేళకి పాకాన పడింది. హోటలు గదిలో ఉన్నవి రెండు మంచాలూ ఒక కుర్చీ. కుర్చీలో అత్తగారు, ఒక మంచం మీద పెద్దకోడలి భర్త, రెండో మంచం మీద మరిది, కిటికీ దగ్గర నిలబడి తోడికోడలు. పరాయి దేశం వచ్చి అది నాలుగో రోజు. కిటికీలోంచి సముద్రం కనబడుతుందని హోటలువాళ్ళు రాసుకున్నారు. మెడ బాగా సాచి, ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పట్లు గాలికి పక్కకి తప్పుకుంటే కనబడుతుంది కూడా. ఇంతవరకూ ఎవరూ చూడలేదు. అందరూ భవిష్యత్తు చూసే హడావిడిలో ఉన్నారు.

ఈ ప్రయాణం మరిది పుణ్యం. అతను పంపు మోటార్లు అమ్మే కంపెనీలో పనిచేస్తాడు. నీళ్ళున్న బావులకీ లేని బావులకీ కూడా మోటార్లు బిగించిన మొనగాడని మెచ్చి, కంపెనీ ఇంటిల్లిపాదికీ టిక్కెట్లు ఇచ్చింది. నిన్న బస్సులో గైడమ్మాయి మైకు పట్టుకుని, ఈ ఊళ్ళో తోలు సంచులు బాగుంటాయనీ, ముత్యాలు కొనేటప్పుడు జాగ్రత్తగా ఉండాలనీ, పుట్టిన తేదీ చూసి భవిష్యత్తు చెప్పే ఒకావిడ ఉందనీ, ఆవిడ మాట ఇంతవరకూ తప్పలేదనీ ఒకే ఊపిరిలో చెప్పింది. ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పే తోడికోడలు దాన్ని తెలుగులోకి మార్చింది. అత్తగారి చెవికి సంచులూ ముత్యాలూ ఎక్కలేదు. మూడోదే ఎక్కింది.

అరగంట సమయం, మనిషికి ఒక ప్రశ్న. అదీ ఆవిడ పద్ధతి.

పెద్దకోడలి భర్త ఆఫీసులో సూపరింటెండెంటు. ముప్ఫై ఏళ్ళుగా కాగితం మీద లేనిది లోకంలో లేదని నమ్మిన మనిషి. హోటలువాళ్ళ చిన్న నోటుపుస్తకం తీసుకుని ప్రశ్నలన్నీ వరస నంబర్లతో రాశాడు. ఒకటి, అమ్మ ఆయుర్దాయం. రెండు, తన రిటైర్మెంటు తర్వాతి సంగతి. మూడు, తమ్ముడి ప్రమోషను. నాలుగు, మరదలి ఉద్యోగం పర్మినెంటు అయ్యే విషయం. తల్లి తన ప్రశ్న ముందుండాలంది. తమ్ముడు టిక్కెట్లు తనవి కనక తనది ముందుండాలన్నాడు. గంటన్నర నుంచీ అక్కడే నలుగుతోంది.

"అయిదోది ఏదండీ?" అంది పెద్దకోడలు, జడ చివర రబ్బరు బిగిస్తూ.

"నీకు విడిగా ఎందుకే. నీది నా దాంట్లో కలిపేశాను."

ఆమె ప్రశ్న ఏమిటో ఆ గదిలో అందరికీ తెలుసు. పద్ధెనిమిదేళ్ళుగా ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. చుట్టాలొస్తే మిషను మీద దుప్పటి కప్పాలి. భర్తగారి ఆఫీసువాళ్ళొస్తే మిషనుతో పాటు ఆమె కూడా లోపలికి వెళ్ళాలి. కొలతలకి వచ్చిన ఆడవాళ్ళు చెప్పుల గూడు పక్కన నిలబడాలి. బజారు మలుపులో బొత్తాలూ లేసులూ అమ్మే ఆవిడ ఇక ఓపిక లేదని షాపు ఖాళీ చేస్తూ, ఆ గది నువ్వే తీసుకో అమ్మా అని మూడు నెలల కిందటే పిలిచి చెప్పింది. మూడు నెలలుగా భర్త "చూద్దాం" అంటున్నాడు. ఆ ఇంట్లో "చూద్దాం" అంటే ఫైలు బీరువాలోకి వెళ్ళిందని అర్థం. సెల్‌ఫోన్లు బాగుచేసే అతనొకడు ఆ గది కోసం తిరుగుతున్నాడు. సోమవారంలోగా మాట చెప్పకపోతే అతనికిచ్చేస్తానని షాపావిడ కబురు పెట్టింది. ఇవాళ శనివారం.

"కలపొద్దు. నాది నేనే అడుగుతాను," అంది.

భర్త కలం మూసి కాసేపు ఆలోచించాడు. నలుగురిలో కాదంటే బాగుండదు. అవునంటే అలవాటు తప్పుతుంది. చివరికి, "సరే అడుగు. ఆవిడ మంచిదంటే తీసుకుందాం. వద్దంటే మళ్ళీ నా దగ్గర ఆ ఊసెత్తకూడదు," అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. తెలివితక్కువై కాదు. మూడు నెలల్లో ఆయన నోటి వెంట "తీసుకుందాం" అన్న మాట రావడం అదే మొదటిసారి.

జోస్యం చెప్పే ఆవిడ ఉండేది బట్టలుతికే షాపు పైన, మేడ మీద గదిలో. మెట్ల పొడుగునా సబ్బు వాసన. లోకం తలరాతలన్నీ తెలిసినావిడకి కింద మిషన్ల మోత తప్పించుకునే దారి తెలియలేదు కాబోలు, కిటికీ సందుల్లో గుడ్డపేలికలు కుక్కుకుంది. గదిలో ఒక బల్ల, దాని మీద ఊదారంగు మఖమలు గుడ్డ, పేకలు, భూతద్దం, ఒక మూల కరెంటు కెటిలు. పెద్దకోడలి చూపు ముందు మఖమలు అంచు మీద పడింది. ఊదా గుడ్డకి నల్లదారం, అదీ చేత్తో వేసిన కాడకుట్టు. ఆ తర్వాత బల్ల వెనక కూర్చున్న ఆవిడ గౌను చంక మీద పడింది. కుడి చంక దగ్గర కుట్టు బిగుసుకుపోయి, ఆవిడ పేక తిప్పినప్పుడల్లా మోచెయ్యి డొక్కకి అంటుకునే ఉంటోంది. చంకలో అరంగుళం గుడ్డ వదిలితే ప్రాణం హాయిగా ఉంటుందన్నది తెలియని మనిషి, వచ్చే ఇరవై ఏళ్ళ సంగతి చెప్పడానికి కూర్చుంది.

ఆవిడ పుట్టిన తేదీలు అడిగింది. తోడికోడలు చెప్పేలోపే భర్త పెద్దకోడలి వైపు తిరిగి, "పాస్‌పోర్టులివ్వు," అన్నాడు. నోటిమాట కంటే రికార్డు మేలు కదా. ఆమె లైనింగు గుడ్డముక్కలతో కుట్టుకున్న అయిదు జేబుల సంచీలోంచి అయిదు పాస్‌పోర్టులూ తీసి బల్ల మీద పెట్టింది.

ఆవిడ మొదటిది తెరిచింది. అత్తగారిది. జులై ఒకటి. రెండోది తెరిచింది. పెద్దకొడుకుది. జులై ఒకటి. మూడోది చిన్నకొడుకుది. జులై ఒకటి. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, నాలుగోది తెరిచింది. పెద్దకోడలిది. అదీ జులై ఒకటే.

ఆవిడ భూతద్దం అందుకుంది.

ఇందులో వింతేమీ లేదు. వాళ్ళ కాలంలో పిల్లల్ని బడిలో వేసేటప్పుడు మేష్టారు ఎప్పుడు పుట్టాడమ్మా అని అడిగితే, గేదె ఈనిన వారమండీ అని తల్లి చెప్పేది. రిజిస్టరులో గేదెని రాయడానికి గడి లేదు కనక, మేష్టారు జులై ఒకటి అని రాసి ముద్ర వేసేవాడు. పెద్దకోడలిది వేరే ఊరు, వేరే బడి, వేరే మేష్టారు. అయినా అదే తారీఖు. మేష్టర్లంతా ఒక్క మాట మీద ఉన్న రోజులవి. ఇక అత్తగారు బడి గుమ్మం తొక్కలేదు. పాస్‌పోర్టు కాగితాలు నింపేటప్పుడు కొడుకులే తమ తారీఖు తీసి తల్లికీ వేశారు. కొడుకుల పోలిక తల్లికి రావడం ఆ ఇంట్లోనే చూడాలి. తోడికోడలు ఒక్కతే ఆస్పత్రిలో పుట్టింది. ఆమెకి మాత్రం నిజం పుట్టినరోజుంది.

ఇదంతా జోస్యురాలికి ఎవరూ చెప్పలేదు. ఆవిడ కాసేపు గాలి పీల్చుకుని, నలుగురు ఒకే రోజు పుట్టిన కుటుంబాన్ని తన అనుభవంలో చూడలేదనీ, ఇది గొప్ప యోగమనీ అంది. ఈ తేదీన పుట్టినవాళ్ళు నిర్ణయాలు చిటికెలో తీసుకుంటారట, ఒకరి సలహా కోసం ఎదురుచూడరట. తోడికోడలు ఆ మాట తెలుగులో చెప్పేటప్పుడు బావగారి వైపు చూడకుండా గోడ వైపు చూసింది. ఆయన మాత్రం అవునవునని తల ఊపాడు.

తర్వాత విడివిడిగా చెప్పింది. అత్తగారికి తొంభై ఆరేళ్ళ ఆయుస్సు, మోకాళ్ళు కూడా ఆమెతో పాటే ఉంటాయి. మరిదికి ఏడాదిలోపు పెద్ద కుర్చీ. భర్తకి రిటైరయ్యాక ఊరంతా సలహాల కోసం గుమ్మం ముందు నిలబడుతుంది. తోడికోడలి వంతు వచ్చినప్పుడు ఆవిడ చాలాసేపు మాట్లాడింది, వేలు కూడా ఊపింది. తోడికోడలు విని, "నాకూ బాగానే ఉందట," అని రెండు ముక్కల్లో తేల్చేసింది. నోరు తగ్గించుకోమని చెప్పిందని మెట్లు దిగేటప్పుడు పెద్దకోడలి చెవిలో మాత్రం ఊదింది.

పెద్దకోడలి ప్రశ్నకి ఆవిడ మూడు పేకలు తిప్పింది. మూడోది తిప్పేటప్పుడు చంక పట్టేసి మొహం చిట్లించింది. ఆ చిట్లింపుతోనే, ఈ ఏడాది గడప దాటే పనులు వద్దనీ, ఇంట్లోనే ఉండి చేసుకుంటే మంచిదనీ, వచ్చే ఏడాది చూడమనీ చెప్పింది.

"చూశావా," అన్నాడు భర్త. వేల మైళ్ళు ఎగిరివస్తే తన "చూద్దాం" ఇక్కడ కూడా దొరికినందుకు ఆయన మొహం వెలిగిపోతోంది.

హోటలుకి వచ్చే బస్సులో అత్తగారు తొంభై ఆరులోంచి డెబ్భై ఒకటి తీసేసి మిగిలినదాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. మరిది తన కొత్త కుర్చీకి చక్రాలుంటాయా ఉండవా అని ఆలోచనలో పడ్డాడు. పెద్దకోడలు కిటికీ పక్కన కూర్చుని చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఒప్పుకున్న మాట ఒప్పుకున్నదే. ఊసెత్తనంది. పద్ధెనిమిదేళ్ళు కప్పిన దుప్పటి ఇంకో పద్ధెనిమిదేళ్ళు కప్పుకోవచ్చు. అంతలో సంచీలో అయిదు పాస్‌పోర్టుల గట్టి అంచులు వేళ్ళకి తగిలాయి. ఆమె కాసేపు వాటిని తడుముతూ ఉండిపోయింది. తను పుట్టింది చలికాలంలో, పాలవాడు రాని ఒక ఆదివారం నాడు అని అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. మరి ఆ గడప దాటకూడనిది ఎవరు? జులై ఒకటిన పుట్టినావిడ. ఆవిడెవరో ఈమెకి తెలియదు. పాపం, ఇంట్లోనే ఉండనీ.

హోటలు చేరగానే ఫోను తీసుకుని అయిదు నిమిషాలు మెట్ల దగ్గర నిలబడి, ఆ తర్వాత భోజనాలకి వెళ్ళింది.

గుండ్రటి బల్ల చుట్టూ అందరూ మంచి హుషారుగా ఉన్నారు. అత్తగారు రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఇంకా పాతికేళ్ళు బతకాల్సిన మనిషి మరి. భర్త నాప్కిను ఒళ్ళో పరుచుకుంటూ, "ఆ బొత్తాల షాపావిడకి ఫోను చేసి వీలుపడదని చెప్పెయ్. ఆశపెట్టి ఉంచడం మర్యాద కాదు," అన్నాడు. మూడు నెలలు ఆశపెట్టినది ఎవరో వేరే మనిషి అన్నట్టు.

పెద్దకోడలు అత్తగారి కంచంలో కూర వడ్డిస్తూ, "అత్తయ్యా, మీరు ఏ నెలలో పుట్టారు?" అని అడిగింది.

"నెలేమిటే. మా నాన్న చలిమంట వేస్తుంటే కబురొచ్చిందట. చెయ్యి కాల్చుకున్నాడు కూడానూ," అంది అత్తగారు, యాభై ఏళ్ళుగా చెబుతున్న అలవాటుకొద్దీ. అన్నాక చెంచా ఆగిపోయింది.

"ఈయన గేదె ఈనిన వారం కదూ. మా మరిదిగారు మీ చెల్లెలి పెళ్ళికి ముందురోజు."

మరిది నీళ్ళగ్లాసు దించాడు. "అవన్నీ ఎందుకు వదినా. ప్రభుత్వం నమ్మింది, ఆవిడ నమ్మింది. మనకేం నొప్పి?"

"రికార్డు ప్రకారం జులై ఒకటే," అన్నాడు భర్త. "రికార్డులో ఉన్నదే నిజం. అది తప్పనుకుంటే ఇంక దేన్ని నమ్మాలి?"

అది తప్పనుకుంటే తొంభై ఆరేళ్ళూ పోతాయి, కుర్చీ పోతుంది, సలహాల కోసం గుమ్మం ముందు నిలబడ్డ ఊరు ఊరంతా ఎటువాళ్ళు అటు వెళ్ళిపోతుంది. అత్తగారు చెంచాని చూస్తోంది. ఆమె మొహంలో పాతికేళ్ళు ఒక్కొక్కటే జారిపోతున్నాయి.

"అక్కా," అంది తోడికోడలు, పెరుగు కలుపుకుంటూ, "ఆవిడ ముందు చెప్పిన మాట అందరికీ వర్తిస్తుంది కదా. ఈ తారీఖువాళ్ళు నిర్ణయాలు చిటికెలో తీసుకుంటారని, ఎవరి సలహా కోసమూ ఆగరని. నేనే కదా తెలుగులో చెప్పాను. బావగారు తల కూడా ఊపారు."

"ఊపాను," అన్నాడు బావగారు అయోమయంగా.

"అదీ రికార్డే కదండీ," అంది పెద్దకోడలు.

భర్త నోరు తెరిచాడు. ఆ నోట్లో "చూద్దాం" సిద్ధంగా ఉంది. కానీ రికార్డు నిజమైతే ఆమె చిటికెలో నిర్ణయం తీసుకునే మనిషి, అబద్ధమైతే ఆ గడప దాటవద్దన్న మాట ఆమెకి చెప్పింది కాదు. రెండు ఫైళ్ళూ ఒకే బల్ల మీదకి వచ్చాయి, సంతకం ఎక్కడ పెట్టాలో ఆయనకి తెలియలేదు. తల్లి వైపు చూశాడు.

"తొంభై ఆరు తొంభై ఆరేరా. దాన్నెవరూ కదపద్దు," అంది అత్తగారు నెమ్మదిగా. "నీ పెళ్ళాం సంగతి అదే చూసుకుంటుంది."

పెద్దకోడలు ఆవిడ కంచంలో ఇంకొంచెం కూర వేసింది. గిన్నె మీద మూత పెట్టి, చెయ్యి తుడుచుకుని, కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చుంది.

"ఇందాక షాపావిడకి ఫోను చేసి గది తీసుకుంటున్నానని చెప్పేశాను," అంది, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. "మిషను వచ్చే నెలాఖరులో అక్కడికి వెళుతుంది. షాపు జులై ఒకటిన తెరుస్తాను. మనింట్లో అందరికీ కలిసొచ్చే రోజు."