ఊ కొట్టని గది

ఆ అంబులెన్సు కాల్ రూములో ఆమెకొక సొంత పేరు ఉందన్న సంగతి అందరూ ఎప్పుడో మరిచిపోయారు. ఊ అక్క అంటారు. హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుందంటే చాలు, అవతల ఏడుస్తున్నవాళ్ళయినా, అరుస్తున్నవాళ్ళయినా, ఏం చెప్పాలో తోచక నీళ్ళు నములుతున్నవాళ్ళయినా సరే, "ఊ... చెప్పండి... ఊ... ఇంటి పక్కన ఏముంది?... ఊ" అంటూ మెల్లిగా అడ్రసు రాబట్టేది. ఊ కొడితే మనిషి చెబుతాడు, మానేస్తే ఆగిపోతాడు. ఇదేం బ్రహ్మవిద్య కాదు, కథ చెప్పే ప్రతి ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలిసిందే. కానీ ఆ ఒక్క అక్షరంతోనే ఆమె ఎంతమందినో గట్టెక్కించింది.

ఆ గదిలో పనిచేసేవాళ్ళకు ఇంకో జబ్బు కూడా ఉంటుంది. మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోతే, బయట మనమయితే ఏదో ఆలోచిస్తున్నాడు కాబోలు అనుకుంటాం. వాళ్ళు అలా అనుకోలేరు. ఫోనులో నిశ్శబ్దం వినపడగానే ఊ అక్క చెయ్యి దానంతటదే టేబుల్ అంచు పట్టుకుంటుంది, నోరు దానంతటదే అడుగుతుంది: "వినపడుతోందా? ఊపిరి ఆడుతోందా?" ఏళ్ళ తరబడి అడిగీ అడిగీ ఆ ప్రశ్నలు ఆమె ఒంట్లోకి ఇంకిపోయాయి.

ఇదిలా ఉండగా, ఇకమీదట ఓడరేవు వాళ్ళ కాల్స్ కూడా ఈ గదికే వస్తాయన్నారు. ఓడలు దిగేవాళ్ళది ఏ దేశమయినా, ఫోను పట్టుకుంటే మాట్లాడేది ఇంగ్లీషే. కాబట్టి సీట్లో ఉండాలంటే అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు పరీక్ష, రాయడమూ మాట్లాడడమూ రెండూ పాసవాలట. తప్పినవాళ్ళను కింద స్టోర్ రూముకి పంపిస్తారు. అక్కడ సిలిండర్లు సర్దుకుంటూ, స్ట్రెచర్ల దుమ్ము దులుపుకుంటూ కూర్చోవాలి. పరీక్షకు అవకాశాలు రెండే, ఆ తర్వాత కాళ్ళు పట్టుకున్నా లాభం లేదని ఆఫీసరు ముందే చెప్పేశాడు.

మొదటి అవకాశం ఊ అక్క చేజేతులా పోగొట్టుకుంది. ఎలాగో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి, కాల్ రూములో అందరూ పడీ పడీ నవ్వారు. ఆమెకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

పరీక్ష గదిలో ఎదురుగా ఒక పెద్దాయన, మూలన కుర్చీలో ఒకావిడ. పెద్దాయన అడుగుతాడు, మూలనున్నావిడ మార్కులు వేస్తుంది. ఆవిడ నోరు విప్పదు, విప్పకూడదు కూడా. మరిచిపోలేని ఒక ప్రయాణం గురించి చెప్పమన్నాడు పెద్దాయన. ఊ అక్క బాగానే మొదలుపెట్టింది. రైలెక్కింది, కిటికీ పక్కన కూర్చుంది. ఊ లేదు. రైలు కదిలింది. ఊ లేదు. పెద్దాయన తల ఊపలేదు, కనుబొమ కదపలేదు, అసలు రెప్ప వేశాడో లేదో కూడా అనుమానమే. మూలనుంచీ చప్పుడు లేదు. చెయ్యి వెళ్ళి టేబుల్ అంచు పట్టుకుంది.

"సర్! కెన్ యూ హియర్ మీ? ఆర్ యూ బ్రీతింగ్?" అని గట్టిగా అడిగేసింది.

పెద్దాయన కుర్చీలో ఎగిరిపడ్డాడు. ఒకసారి తన ఛాతీ వైపు చూసుకుని, "ఐ బిలీవ్ సో" అన్నాడు. అంతే, ఆమె రైలు ఎక్కడిదక్కడ నిలబడిపోయింది. ముచ్చెమటలతో బయటికొచ్చి, మెట్ల మీద కూలబడి, ఎవరైనా చూస్తారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది.

రెండో అవకాశానికి ఆమెను తయారు చేసే పని, వీధి చివర ఉండే రిటైరైన ఇంగ్లీషు మాస్టారు నెత్తిన పడింది. పాపం ఆయనకు ముందే కోపం ఎక్కువ. నగరాల్లో ట్రాఫిక్కు గురించి వ్యాసం రాసుకురమ్మంటే ఊ అక్క రాసుకెళ్ళిన వ్యాసం మొదటి వాక్యమే, కంగారు పడవద్దు. రెండోది, కార్లన్నీ పక్కకు తీయండి. మూడోది, కిటికీలు తెరిచి ఉంచండి.

మాస్టారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "అమ్మా, ఇది వ్యాసమా, ఫైరింజనుకి ఆర్డరా? చదివేవాణ్ణి ఒప్పించాలి తల్లీ, పరుగులు పెట్టించకూడదు! ఒక మాట ఈ వైపు చెప్పు, ఒక మాట ఆ వైపు చెప్పు, అప్పుడు నీకేమనిపిస్తోందో మెల్లిగా చెప్పు."

"మెల్లిగా చెబితే ఈలోగా మనిషి పోతాడు కదండీ మాస్టారూ?"

"ఇక్కడ ఎవరూ పోవడం లేదమ్మా! పోతే నేను పోవాలి, నీ వ్యాసాలు చదివి!"

తిట్టీ తిట్టీ ఆయన, రాసీ రాసీ ఆమె, మొత్తానికి వ్యాసం ఒక దారికొచ్చింది. 'అయినప్పటికీ', 'మరోవైపు చూస్తే' లాంటి మాటలన్నీ ఇంగ్లీషులో ఎక్కడ తగిలించాలో పట్టుబడింది. మాట్లాడడం దగ్గరకొచ్చేసరికి మాత్రం కథ మళ్ళీ మొదటికే వచ్చేది. మాస్టారు ఊ కొడితే గలగలా చెప్పేది, ఆయన కావాలని బిగుసుకుని కూర్చుంటే ఆమె కూడా బిగుసుకుపోయేది.

"వాళ్ళు ఊ కొట్టరమ్మా. వాళ్ళకది రూలు. ఒకరికి కొట్టి ఒకరికి కొట్టకపోతే అన్యాయం కదా? ఇంట్లో ఎవరినైనా నోరు మూయించి ఎదురుగా కూర్చోబెట్టుకో. నీకు బాగా తెలిసిన సంగతి ఒక్కటి తీసుకుని రోజూ అదే చెప్పు" అన్నారాయన చివరికి.

ఇంట్లో ఎవరున్నారు? భర్త లారీ డ్రైవరు, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఉన్నదల్లా అత్తయ్య. ఆవిడకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఇక నోరు మూయించడమంటారా, ఆ పని ఆవిడ మొగుడికే చేతకాలేదని ఆవిడే గొప్పగా చెప్పుకుంటుంది. అయినా కోడలి ముఖం చూసి ఒప్పుకుంది. చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి, వంటింటి గోడకు ఆనుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని పరీక్షాధికారిలా కూర్చుంది.

ఊ అక్క తీసుకున్న సంగతి ఒక కాల్. ఎప్పటిదో, ఒక మనిషిది. దాని గురించి ఇంట్లో ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. అత్తయ్యకు ఎటూ అర్థం కాదు కదా అన్న ధైర్యంతోనే దాన్ని ఎంచుకుంది. మొదలుపెట్టిన కాసేపటికే పాత భయం మొదలయింది. వంటిల్లు నిశ్శబ్దం, అత్తయ్య నిశ్శబ్దం. కళ్ళు కిటికీకి అప్పగించి, పళ్ళ బిగువున ఎలాగో చివరి దాకా లాక్కొచ్చింది. హమ్మయ్య అనుకుని తల తిప్పి చూస్తే అత్తయ్య కళ్ళు మూసుకుని ఉంది. తల ఒక పక్కకు వాలి ఉంది.

"అత్తయ్యా?"

పలుకు లేదు. ఊ అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క ఉదుటున వెళ్ళి మెడ కింద వేళ్ళు పెట్టి నాడి వెతికింది.

"ఏమే! పీక పిసుకుతున్నావేంటే?" అని కళ్ళు తెరిచింది అత్తయ్య. "పరీక్ష పోతే ఆ కసి నా మీద తీర్చుకుంటావా?"

"మీరు ఊ అనలేదు... కళ్ళు మూసుకుని..."

"నువ్వేగా అనొద్దన్నావు! నాలుక కొరుక్కుని కూర్చున్నాను. నీ ముఖం చూస్తే నోరు ఆగేట్టు లేదని కళ్ళు కూడా మూసుకున్నా. ఊ అనకపోతే విననట్టా? నీ ప్రతి ముక్కా విన్నానే తల్లీ. ఒక్కటీ అర్థం కాలేదనుకో, అది వేరే సంగతి."

ఊ అక్కకు నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. "నాకు భయంగా ఉంది అత్తయ్యా. ఆ సీటు పోతే నేను దేనికీ పనికిరాను. నాకు వచ్చింది అదొక్కటే."

అత్తయ్య చిక్కుడుకాయల గిన్నె కోడలి ఒళ్ళో పెట్టి, తానూ పక్కన కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. మర్నాడు మళ్ళీ అలాగే నాలుక కొరుక్కుని కూర్చుంది, ఆ మర్నాడూ అంతే.

పరీక్ష రోజున రాయడం ఎలాగో గడిచింది. మధ్యలో 'కంగారు పడవద్దు' లాంటి ఆజ్ఞ ఒకటి చెయ్యి జారి పడింది గానీ, చూసుకుని కొట్టేసింది. తర్వాత మాట్లాడేందుకు పిలిచారు. తలుపు తీస్తే అదే గది, అదే పెద్దాయన, మూలన అదే ఆవిడ. పెద్దాయన ఆమెను గుర్తుపట్టాడు కాబోలు, కాస్త నిటారుగా కూర్చున్నాడు. ఎదురుచూడాల్సి వచ్చిన ఒక సందర్భం గురించి చెప్పమన్నాడు.

ఆమె ఆ కాల్ గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఎండ మండిపోతున్న ఒక మధ్యాహ్నం ఒక మనిషి ఫోను చేశాడు. ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను, ఛాతీ పట్టేసింది అన్నాడు. వీధి పేరు చెప్పాడు. ఇల్లెక్కడో చెప్పబోతూ, మాట మధ్యలో ఆగిపోయాడు.

అక్కడికి వచ్చేసరికి ఆమె కూడా ఆగిపోయింది.

గదిలో గడియారం ఒక్కటే వినపడుతోంది. పెద్దాయన చూస్తున్నాడు. మూలనున్నావిడ పెన్ను గాలిలో ఆగి ఉంది. ఊ అక్క చెయ్యి టేబుల్ అంచు పట్టుకుంది. పాత ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది, పళ్ళు బిగించి దాన్ని లోపలే ఆపింది. ఇక అయిపోయింది అనుకుంది. కింద స్టోర్ రూము, తుప్పు వాసన, పైన గదిలో మోగుతున్న ఫోన్లు తనవి కాకపోవడం, అన్నీ కళ్ళముందు కనపడ్డాయి.

ఆ భయంలోనే ఒక సంగతి తట్టింది. మరి ఆ మధ్యాహ్నం ఊ కొట్టిందెవరు? ఎవరూ కొట్టలేదు. అవతల ఊపిరి చప్పుడు కూడా వినపడలేదు. అయినా తను ఆపిందా? ఆపలేదే! అంబులెన్సు వీధి వీధంతా ఇల్లు వెతుకుతున్నంతసేపూ ఆ ఖాళీ లైనుతో మాట్లాడుతూనే ఉంది. అతనికి వినపడుతోందో లేదో తెలియకుండానే, పలకనంత మాత్రాన విననట్టు కాదు అనుకుంటూ.

చెయ్యి టేబుల్ అంచును వదల్లేదు, కానీ నోరు కదిలింది. ఇంగ్లీషులోనే చెప్పింది. బయల్దేరారండి అని అతనితో అన్నాను. మీ వీధి మలుపు తిరిగారండి అన్నాను. తలుపులన్నీ కొడుతున్నారండి, మీ తలుపు కూడా కొడతారండి అన్నాను. చెప్పడానికి ఇంకేమీ మిగలకపోతే మా అత్తయ్య గురించి చెప్పాను, ఆవిడ నోటి దురుసు గురించి చెప్పాను, నవ్వొస్తే నవ్వండి అన్నాను. అతను నవ్వలేదు. చివరికి ఫోనులో తలుపు విరిగిన చప్పుడు వినపడింది. ఎవరివో అడుగులు వినపడ్డాయి. అతని ఫోను అందుకుని మా అంబులెన్సు వాళ్ళ గొంతు ఒకటి, దొరికాడక్కా అంది. లైను కట్టయింది.

"థాంక్యూ" అన్నాడు పెద్దాయన. టైమయిపోయింది.

ఊ అక్క లేచింది. తలుపు మీద చెయ్యి వేసేసరికి వెనకనుంచి ఎవరో, "అండ్ దెన్?" అన్నారు.

మూలనున్నావిడ! పెద్దాయన అదిరిపడి అటు తిరిగాడు. ఆవిడ ముఖం ఎర్రబడింది, అయినా చూపు మరల్చలేదు. "ఆ మనిషి బతికాడా?" అని ఇంగ్లీషులో అడిగింది.

"తెలియదు మేడమ్" అంది ఊ అక్క. "లైను కట్టయ్యాక ఏమయిందో మాకెవరూ చెప్పరు."

ఆవిడ ఏదో అనబోయి, రూలు గుర్తొచ్చి కాబోలు, మానేసింది. మెల్లిగా, దాదాపు తనలో తనే అన్నట్టు, "ఊ..." అంది.

ఫలితం వచ్చేదాకా ఊ అక్క స్టోర్ రూము ముందునుంచి వెళ్ళాల్సి వస్తే ముఖం పక్కకు తిప్పుకుని వెళ్ళింది. ఫోను మోగిన ప్రతిసారీ ఇదే ఆఖరి కాల్ ఏమో అనుకుంది. చివరికి ఆఫీసరు కాగితం పట్టుకుని వచ్చాడు. రాయడంలో బొటాబొటీ, మాట్లాడడంలో బాగానే వచ్చాయి. సీటు నిలిచింది. కాల్ రూమంతా చప్పట్లు కొడుతుంటే ఆమె హెడ్‌సెట్ సర్దుకుని, "ష్, కాలొస్తోంది" అంది.

ఇంటికెళ్ళి చెబితే అత్తయ్య ఆమె బుగ్గలు రెండూ పట్టుకుని ఊపేసింది. తర్వాత వంటింటి గోడకు ఆనుకుని తన చోట కూర్చుంది.

"ఇన్నాళ్ళూ రోజూ నాకు చెప్పావే, ఆ ఇంగ్లీషు గోల. అదేమిటో ఇప్పుడు తెలుగులో చెప్పు. నోరు కట్టుకుని కట్టుకుని చచ్చాను, ఈసారి తనివితీరా ఊ కొడతాను."

ఊ అక్క ఆవిడ ఎదురుగా చతికిలబడింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది.

"ఎండ మండిపోతోంది అత్తయ్యా."

"ఊ."

"ఒక మనిషి ఫోను చేశాడు."

"ఊ."

"ఒక్కణ్ణే ఉన్నానన్నాడు. ఛాతీ పట్టేసిందన్నాడు."

"ఊ."

"ఇల్లెక్కడో చెప్పబోతూ ఆగిపోయాడు."

అత్తయ్య ఊ కొట్టలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి కోడలినే చూస్తోంది.

ఊ అక్క చెయ్యి దేన్నీ పట్టుకోలేదు. ఆగకుండా, మిగతాదంతా చెప్పుకుంటూ పోయింది.