తీతువు మీద మోపిన నేరం

మా అపార్ట్‌మెంట్‌లో బ్లాకులకు పిట్టల పేర్లు పెట్టారు, ఇంగ్లీషులో. మాది ల్యాప్‌వింగ్. బెంగళూరు మారతహళ్ళికి వచ్చి ఇన్నేళ్ళయినా అది ఏ పిట్టో ఎవరూ అడగలేదు. ఇంగ్లీషు పేరు కదా, మంచిదే అయి ఉంటుందని అందరి నమ్మకం. గృహప్రవేశం పత్రిక మీద నా కొడుకు నాగేంద్ర ఆ పేరును బంగారు రంగులో అచ్చు వేయించాడు.

పోయిన వారం కింది అంతస్తు శిరీష ఫోన్‌లో ఆ పిట్ట బొమ్మ చూసింది. దాని అరుపు కూడా విన్నది. వినగానే పుట్టిల్లు గుర్తొచ్చి వణికిపోయింది. అది తీతువు. ఇంటి మీదుగా అరుస్తూ పోతే ఆ ఇంట్లో చావు తప్పదని మా సీమలో అనుకుంటారు. ఆ అరుపు వినపడితే మా అమ్మ పొయ్యిలో ఉప్పుగల్లు వేసేది. ఇంగ్లీషువాళ్ళు అది ఎగిరే తీరు చూసి పేరు పెట్టారట. మనవాళ్ళు గొంతు విని భయం పెట్టుకున్నారు.

ఆదివారం కింది హాల్లో మీటింగు. పేరు మార్చాలట. నేను రానన్నాను. నాగేంద్ర చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

“పలకడానికి ఎంత బాగుండాది! తీరా చూస్తే తీతువు. పిల్లలు తిరిగే తావు కదప్పా,” అన్నది శిరీష.

“ఇంగ్లీషువాళ్ళ దేశంలో దాని గుడ్లు ఇష్టంగా తినేవాళ్ళంట,” అన్నాడు ఎవరో.

“అట్లయితే వాళ్ళ ఇండ్లకే పెట్టుకోమను ఆ పేరు!” అన్నది శిరీష.

అందరూ నవ్వారు. అధ్యక్షుడు అచ్యుత్ లేచాడు. పాత బెంగళూరు తెలుగువాడు, బట్టల వ్యాపారి. గొంతు తగ్గించి అన్నాడు: “నవ్వే సంగతి కాదు. శాంతమ్మక్క ఈ బ్లాకులోనే పోయింది. అప్పుడే మనకు తెలిసుండాల్సింది. అన్న ఇక్కడే ఉండాడు. నువ్వే చెప్పన్నా, పేరు మార్చేద్దామా?”

శాంతమ్మ నా భార్య. పోయిన ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సును ముందు గేటు దగ్గర ఆపేశారు. వాకిట్లో కొత్తగా పరిచిన రాళ్ళు పగులుతాయని, పెద్ద బండ్లు వెనక గేటు నుంచే రావాలని అచ్యుత్ రూలు పెట్టాడు. వెనక గేటుకు తాళం. తాళంచెవి దొరికేలోపే లిఫ్టు పక్కన కుర్చీలో ఆమె ప్రాణం పోయింది. అచ్యుత్ పెద్ద పూలదండ తెచ్చాడు. రూలు మాత్రం అలాగే ఉంది.

“ఆ పొద్దు ఏ తీతువూ అరవలేదు,” అన్నాను. “అరిచింది నేను. గేటు తియ్యండ్రా అని.”

“అది వేరే విషయమన్నా,” అన్నాడు అచ్యుత్.

“అదే విషయం. పేరు ఏమైనా పెట్టుకోండి. నా పెండ్లాం చావును పిట్ట మీదికి తొయ్యొద్దు. ముందు ఆ గేటు రూలు తీసెయ్యండి.”

“రాళ్ళు పగిలితే ఎవరు వేయిస్తారు?” అని వెనక వరసలో గొణిగారు.

నాగేంద్ర నా చొక్కా లాగాడు. “కూర్చో నాయనా. అందరూ చూస్తా ఉండారు.”

“చూడనీ. కమిటీలో ఉండి ఆ రూలుకు నువ్వూ చెయ్యెత్తినావు.”

వాడు చొక్కా వదిలేశాడు.

పేరు మార్పుకు అందరూ చేతులెత్తారు. కొత్త పేరు ఓరియోల్ అట. అదీ ఇంగ్లీషే. అది ఏ పిట్టో ఎవరూ అడగలేదు. గేటు సంగతి ఇంకోసారి చూద్దామన్నాడు అచ్యుత్.

“ఇప్పుడే చూద్దాం. రూలు తియ్యాలన్నవాళ్ళు చెయ్యెత్తండి,” అన్నాను.

నేను ఎత్తాను. కాస్త ఆగి శిరీష ఎత్తింది. నాగేంద్ర అచ్యుత్ వైపు చూశాడు. రెండు చేతులూ ఒళ్ళోనే ఉంచుకున్నాడు.

ఇంటికి వచ్చాక అన్నానికి పిలిచాడు. “అచ్యుత్ సార్‌తో రోజూ మొఖాలు చూసుకోవాల నాయనా,” అన్నాడు నా గది తలుపు బయటి నుంచి.

నేను తలుపు తీయలేదు.