అందరికీ కనబడే మనిషి

నేపాల్ పోవడానికి పాస్‌పోర్టు అక్కర్లేదని తెలిసిన రోజు నుంచి ములకలపల్లి వెంకటనారాయణకు కాలు ఒక చోట నిలవలేదు. ఆ ఏడు, అంటే ఎనభై ఆరులో, మిరప బాగా పండింది. ఖమ్మం నుంచి యాత్రా బస్సు బయల్దేరుతోంది. కాశీ, గయ చూపించి అటునుంచి అటే కాట్మండు తీసుకుపోతారట. పిల్లలకు ఎండాకాలం సెలవులు. ఇంకేం కావాలి?

ఆయన భార్య ప్రమీలారాణికి మాత్రం పరదేశం అనగానే ముందు తోచింది పిల్లలు తప్పిపోవడం. పెద్దది వసుంధరకు పదేళ్లు, చిన్నది హైమకు ఆరు. ఇద్దరూ తునికి పళ్ల కోసం ఎలుగుబంట్లు తిరిగే అడవిలోకి పోయి వస్తుంటే ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. మనుషులు తిరిగే ఊరనేసరికి గుండెల్లో రాయి పడింది. అలవాటైన భయం భయంలా ఉండదు కదా!

ఇక ఆవిడ జాగ్రత్తలకు అంతు లేదు. పేరూ ఊరూ రాసిన చీటీలు పిల్లల గౌను జేబుల్లో పెట్టి, జారిపోకుండా ఓ అంచున కుట్టేసింది. అది చాలక మంగ్లిని కూడా వెంట రమ్మంది.

మంగ్లి పక్క తండా మనిషి, యాభై దాటిన లంబాడీ ఆడది. మిరపతోట పనికని వచ్చి, ఆ ఇంటి పిల్లలిద్దర్నీ చంకన వేసుకుని పెంచింది. అద్దాలు కుట్టిన రవిక, ఎర్రటి లంగా, తల మీంచి నడుం దాకా జారే అద్దాల ముసుగు తప్ప ఇంకో బట్ట కట్టి ఎరగదు. బయల్దేరే ముందు రోజు ప్రమీలారాణి తన నీలం నేతచీర ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"ఇదెందుకు రాణమ్మా?"

"బస్సుల ఖమ్మం వాళ్లు, సత్తుపల్లి వాళ్లు ఉంటరు. పైగా పరాయి దేశం. ఆ అద్దాలతోటి వస్తే అందరూ నిన్నే చూస్తరు మంగ్లీ."

"చూస్తే ఏమైతది? చూడనీ."

"నా మాట వినరాదా?"

మంగ్లి విన్నది. పరాయి దేశం అన్నది పైమాట. అసలు మాట నామోషీ. పిల్లల కోసం తండా మనిషిని వెంటేసుకొచ్చారని సత్తుపల్లి ఆడవాళ్లు మూతులు తిప్పుకుంటారని ప్రమీలారాణి బెంగ. ఆ సంగతి ఆమె మొగుడితో అనలేదు, తనలో తానైనా ఒప్పుకోలేదు. ముసుగు గుడ్డ ఒక్కటి మాత్రం మంగ్లి ఇంట్లో వదిలి రానంది. పిల్లలకు మురుకులూ పొడిబట్టలూ అందులోనే మూటగట్టి చంకన పెట్టుకుంది.

ప్రయాణం హాయిగా సాగింది. వంటవాడు బసవపున్నయ్య దారిపొడుగునా చెట్ల కింద పొయ్యి పెట్టి పప్పుచారు కాచి పోశాడు. కాశీలో మునిగారు, గయలో పిండాలు పెట్టారు. సరిహద్దు దాటామని తండ్రి చెబితే, హైమ కిటికీలోంచి బయటికి చూసి పెదవి విరిచింది.

"ఇదేనా వేరే దేశం? ఈడ కూడా బర్రెలే ఉన్నయి!"

బస్సంతా నవ్వింది. ప్రమీలారాణి కూడా అప్పుడే కాస్త తేలికపడింది.

కాట్మండులో పాత రాజకోట ముందు పెద్ద చౌరస్తా. ఎత్తయిన మెట్ల అరుగుల మీద గుళ్లు, వందల పావురాలు, పూసలమ్మేవాళ్లు, కెమెరాలు మెళ్లో వేసుకున్న తెల్లదొరలు, బియ్యం చల్లినా కింద పడనంత జనం. వెంకటనారాయణ గోపురాలు చూస్తున్నాడు. మంగ్లి వసుంధరకు నీళ్లు పట్టించడానికి కుళాయి దగ్గరికి పోయింది. ప్రమీలారాణి పగడాల దండ బేరమాడుతోంది. బేరం తెగి తిరిగి చూస్తే హైమ లేదు.

"నీ దగ్గర లేదా?" అంది మొగుడితో.

"నీ కొంగు పట్టుకునే ఉండె గదా!"

వెతికారు. పేరు పెట్టి అరిచారు. గుడి గంటల్లో, రిక్షాల బెల్లుల్లో ఆ అరుపు పక్కమనిషికే వినబడలేదు. పోలీసు చౌకీ ఎటో కనుక్కుందామని కదలబోతూ వెంకటనారాయణ భార్యకు ధైర్యం చెప్పాడు.

"ఏడవకు. జేబుల చీటీ ఉంది గదా, ఎవరో ఒకరు చదివి తీసుకొస్తరు. ఏం రాసినవ్ అందుల?"

చీటీలో ఏం రాసిందో ప్రమీలారాణికి అప్పుడు గుర్తుకొచ్చింది. 'వెంకటనారాయణ గారి అమ్మాయి, హైస్కూలు వెనక, ములకలపల్లి' అని రాసింది. ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో రాసింది. ఈ ఊళ్లో దాన్ని చదవగలిగినవాడు ఉంటే గింటే తమ బస్సులో వచ్చినవాడే అయి ఉండాలి. ఆమె ఉన్న చోటే కూలబడింది.

కుళాయి దగ్గర్నుంచి వచ్చి, అంతవరకూ కళ్లు చికిలించి జనాన్నే చూస్తున్న మంగ్లి చటుక్కున మూట విప్పింది. మురుకులూ బట్టలూ వసుంధర ఒళ్లో గుమ్మరించి, గుడ్డ విదిలించి తల మీద వేసుకుంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి గుడి మెట్ల వైపు నడిచింది.

"ఎక్కడికి మంగ్లీ?"

"తోట కాడ ముసుగు ఊపి ఎట్ల పిలుస్తనో గట్లనే పిలుస్త రాణమ్మా. ఈడ గొంతు వినబడదు. కనబడాలె."

పై మెట్టు మీద నిలబడి, ముసుగు రెండంచులూ చేతులతో చాపి పట్టి, అటూ ఇటూ ఊపింది. నడినెత్తిన ఎండ. ఒక్కసారిగా అద్దాలన్నీ మెరిశాయి. పూసలమ్మేవాళ్లు చూశారు, పూజారి చూశాడు, తెల్లదొరలు కెమెరాలెత్తారు. బస్సులో వచ్చిన సత్తుపల్లి ఆడవాళ్లు నోళ్లు తెరుచుకుని చూశారు. కింద కూర్చున్న ప్రమీలారాణి చేతులు జోడించింది. చూడండి, అందరూ చూడండి తల్లీ, నా బిడ్డ దాకా చూడండి అని లోపల మొక్కుకుంది.

ఎంతసేపో తెలియదు. ఇత్తడి సామాన్ల సందులోంచి ఎవరో ముసలి దుకాణపామె చేయి పట్టి లాక్కుంటూ హైమ వచ్చింది. తల్లిని దాటుకుని తిన్నగా మెట్లెక్కింది. మంగ్లి ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏడికి పోయినవ్ మంగ్లవ్వా? చీరలోళ్లందర్ని చూసిన. అందరు ఒక్కతీరే ఉన్నరు. నువ్వెవరో తెల్వలే!"

మంగ్లి పిల్లను ఎత్తుకుంది. ప్రమీలారాణి దుకాణపామె రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆమె తన భాషలో ఏదో అంటూ ఈవిడ బుగ్గలు తుడిచింది. ఆ తర్వాత ప్రమీలారాణి మంగ్లి వైపు తిరిగింది.

"తప్పు నాదే మంగ్లీ. పరాయి దేశమని కాదు. పదిమందిల నామోషీ అయితదని నిన్ను దాచిన."

"నాకెర్కే రాణమ్మా," అంది మంగ్లి. "పిల్ల దొరికింది. పోదాం పట్టు, ఆకలైతుంది పోరికి."

ఆ మాటకు ప్రమీలారాణికి మళ్లీ ఏడుపొచ్చింది. తెలిసి కూడా ఇన్ని రోజులు ఆ చీర కట్టుకుని తిరిగింది ఈ మనిషి! వెంకటనారాయణ పోలీసును వెంటబెట్టుకుని పరుగున వచ్చేసరికి అందరూ మెట్ల మీద కూర్చుని మురుకులు నములుతున్నారు. పోలీసుకూ రెండు పెట్టారు.

బసకు తిరిగిపోతుంటే జనం ఇంకా పెరిగారు. మంగ్లికి కుడివైపు వసుంధర, ఎడమవైపు హైమ. వెనకాల ప్రమీలారాణి. ఎదురుగా ఏదో మేళం, దానికి అడ్డంగా ఓ ఎద్దు, నాలుగు రిక్షాలు. ఆ ముప్పై రెండేళ్ల ఇల్లాలు చెయ్యి చాచి మంగ్లి ముసుగు అంచు పట్టుకుంది.

"గట్టిగ పట్టుకో రాణమ్మా," అంది మంగ్లి, వెనక్కి చూడకుండానే.

ప్రమీలారాణి గట్టిగానే పట్టుకుంది.