సినైల్ అనే మాట

కుడితి బకెట్ మళ్లీ సింకు కిందనే ఉందని బాలేష్ పొద్దున్నే లొల్లి మొదలుపెట్టాడు.

“బర్లను అమ్మి ఎన్నేండ్లయింది? గీ వాసనేంది ఇంట్ల?”

“బజారు చివర శివమ్మ బర్రెకు పోస్తది అత్తమ్మ. నీకు ఎరుకే గదా,” అంది అతని భార్య రోజారాణి, ఆలుగడ్డ తొక్కులు అందులోనే వేస్తూ.

“గదే చెప్తున్న. అమ్మకు సినైల్ వచ్చింది.”

రోజారాణికి ఒళ్లు మండింది. దగ్గో జ్వరమో వచ్చినట్టు సినైల్ రావడమేమిటి? డిగ్రీ చదివిన రోజుల నుంచీ ఎవరైనా మాటను తప్పుగా వాడితే ఆమెకు అన్నంలో రాయి తగిలినట్టుంటుంది.

“అది రోగం పేరు గాదు. మొదట్ల ఆ ఇంగ్లీషు మాటకు ముసలితనం అనే అర్థముండె. తర్వాత మతి తప్పిన ముసలోళ్లను అనబట్టిండ్రు. ఇప్పుడు డాక్టర్లు గూడ ఆ మాట వాడుతలేరు.”

“నీ డిక్షనరీ పక్కన పెట్టు. మన ప్లాటు కొంటనని చూడనీకి వచ్చిన సారే అన్నడు.”

ఆ సారు అత్తమ్మను చూడనే లేదు.

పోయిన వారం ఒక పొరపాటు జరిగిన మాట నిజం. శివమ్మ ఇంటికి పోవలసిన అత్తమ్మ బాలనర్సమ్మ, ఒకప్పుడు తమ కొట్టం ఉన్న చోట లేచిన అపార్ట్‌మెంటు ముందు బకెట్ దించి, అమ్మేసిన బర్రెను పేరు పెట్టి పిలుస్తూ నిలబడింది. వాచ్‌మన్ ఇంటికి తీసుకొచ్చాడు. ఆనాటి నుంచి గేటుకు తాళం. సాయంత్రం కుడితి మోస్తూ బజారంతా పలకరించి వచ్చే మనిషి ఇప్పుడు ఊచలు పట్టుకుని నిలబడుతోంది. రోజారాణికీ భయం లేకపోలేదు. కానీ ఏం జరిగిందో తెలుసుకోకుండా ఒక్క మాటతో తేల్చేయడమే ఆమెకు మింగుడుపడలేదు. పైగా బాలేష్ శామీర్‌పేట వైపున్న ఓ వృద్ధుల హోమ్‌కు ఫోన్లు చేస్తున్నాడు. అక్కడా అదే మాట.

మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ బాలనర్సమ్మ అడిగింది.

“బిడ్డా, సినైల్ అంటే ఏంది?”

“ముసలామె అని, అత్తమ్మా. గంతే.”

“గంతేనా? నేను ముసల్దాన్నని నాకు ఎరుకలేదా? మరి తాళమెందుకేసిండ్రు?”

రోజారాణి చేతిలోని చిక్కుడుకాయను ఈనెతో సహా గిన్నెలో వేసేసింది.

రాత్రి అందరూ కంచాల ముందు కూర్చున్నాక బాలేష్ గొంతు సవరించుకున్నాడు.

“హోమోళ్లు సోమవారం తీస్కరమ్మన్నరు.”

బాలనర్సమ్మ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. రోజారాణి పప్పు గిన్నె కింద పెట్టింది.

“సోమవారం పోయేది డాక్టర్ కాడికి. నేను తీస్కపోత. రోగముంటే దాని పేరు ఆయన చెప్తడు, మందులు నేనేస్త. రేపటి సంది గేటుకు తాళం ఉండది. అత్తమ్మ బయటికి పోతే ఎంబడి నేను పోత.”

“మరి రోగమే అంటే?” అన్నాడు బాలేష్.

“అప్పుడు గూడ గీ ఇంట్లనే ఉంటది.”