గుర్రప్పిల్ల తిన్న దాణా

నిసార్ అహ్మద్ ఒమాన్‌లోని రుసైల్‌లో ఒక దాణా ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాడు. మొక్కజొన్న, సోయా పిండి టన్నుల కొద్దీ గొట్టాల్లోంచి వాటంతట అవే వచ్చి మిక్సర్‌లో పడతాయి. చిన్న మోతాదుల్లో కలిపేవి మాత్రం అతని చేతి మీదుగానే పోవాలి. విటమిన్లు, ఖనిజాలు, తిన్నది ఒంటికి పట్టించే ఎంజైములు, మందులు. ఒక పూట కోళ్ల దాణా, ఇంకో పూట చేపలకు వేసే గుళికలు. సొంతూరు రాయచోటి నుంచి ఫోన్ చేసి ఏం పనిరా నీది అని ఎవరైనా అడిగితే, "ముప్పై ఐదు దినాల్లో కోడి రెండు కిలోలు తూగుతుండాదంటే దాంట్లో నా చెయ్యి ఉండాది" అనేవాడు. ఆ మాటలో గొప్ప ఉందేమో గానీ అబద్ధం లేదు.

ఆ శుక్రవారం సెలవు. పొద్దున్నే రూమ్ బయట పంపు దగ్గర డ్యూటీ బట్టలు ఉతుక్కుంటూ, అమ్మణ్ణి పంపిన వాయిస్ మెసేజ్ పెట్టుకున్నాడు.

అమ్మణ్ణిది చిట్వేలు. సీబ్‌లో ఒక ఒమానీ ఇంట్లో ఆరేళ్లుగా వంట చేస్తోంది. ఇంటి యజమానిని బాబా అంటుంది. మూడేళ్ల కిందట చేపల మార్కెట్‌లో ఆమె ఫోన్‌లో మాట్లాడుతుంటే ఆ యాస విని నిసారే పలకరించాడు. వయసులో ఆమే పెద్ద. అయినా అతన్ని అన్నా అంటుంది, అతను ఆమెను అక్కా అంటాడు.

"నిసారన్నా, నీకొక మాట చెప్పల్ల. నువ్విచ్చిన దాణా తిని నా కోళ్లు ఎంత బాగైనాయనుకున్నావు! నిన్న మా బాబా చూసినాడు. ఏం పెడ్తాండావు వీటికి అని అడిగినాడు. మా జిల్లా ఆయప్ప కంపెనీలో పనిచేస్తాడు, ఆయప్ప ఇచ్చినాడని చెప్పినా. మిగిలిన మూట మొత్తం బండిలో ఏసుకోని తోటకు పాయ. ఆడ గుర్రప్పిల్ల బక్కగా ఉండాదంట, దానికి పెడ్తాడంట. నీ చేతి దాణాకు ఎంత పేరొచ్చిందో చూడు!"

నిసార్ చేతిలో చొక్కా బకెట్‌లోకి జారింది.

ఆ మూటలో ఏముందో అతనికి తెలుసు. కోళ్లకు రక్తపారుడు రోగం రాకుండా, మేత వృథా పోకుండా వేసే మందు ఉంది. సాలినోమైసిన్. టన్నుకు అరవై గ్రాములు. ఆ మందు డ్రమ్ము మీద గుర్రం బొమ్మ వేసి, దాని మీద ఎర్రగా అడ్డగీత గీసి ఉంటుంది. చేరిన మొదటి వారంలోనే మేనేజర్ వహీద్ ఆ బొమ్మ మీద వేలు పెట్టి చెప్పాడు: కోడిని పెంచేది గుర్రాన్ని చంపుతుంది, గుండె మీద పడుతుంది, ఒంటెలకూ అంతే. అప్పటి నుంచి ఆ బొమ్మను రోజూ చూస్తూనే ఉన్నాడు.

రెండు నెలల కిందట ఎండలకు ఆ ఇంటి పెరట్లో అమ్మణ్ణి పెంచుకునే కోడిపిల్లలకు రెట్టలో రక్తం పడి, నాలుగు చచ్చిపోయాయి. ఆమె ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది. అప్పుడు ఫ్యాక్టరీలో చినిగిన సంచి ఒకటి పక్కన పడి ఉంది. చినిగిన సంచుల్లోది మళ్లీ మెషిన్‌లో పొయ్యాలని రూల్. నిసార్ దాన్ని పేరూ గీరూ లేని తెల్ల గోతంలోకి ఒంపి, స్నేహితుడి పికప్‌లో గేటు దాటించాడు. అచ్చు వేసిన సంచి అయితే సెక్యూరిటీ ఆపేవాడు. ఆ అచ్చులోనే రాసి ఉంటుంది, గుర్రాలకు పెట్టకూడదని.

అమ్మణ్ణికి ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ దాణా గుర్రానికి పెట్టకూడదు. వెంటనే బాబాకు చెప్పు."

"ఎందుకు? ఏమైంది?"

"దాంట్లో మందు ఉండాది. కోళ్లకు మేలు చేస్తుంది, గుర్రం సచ్చిపోతుంది."

 అమ్మణ్ణి గొంతు చిన్నదైపోయింది. "నిన్న సాయంత్రమే ఎత్తకపాయ కదన్నా."

బాబా ఫోన్ మోగుతోంది గానీ తియ్యడం లేదని ఐదు నిమిషాల తర్వాత చెప్పింది. ఇంటావిడ నిజ్వాలో అక్కగారింటికి వెళ్లింది. ఆమె ఫోనూ అంతే. నిసార్ తడి బట్టలు బకెట్‌లోనే వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తాడు. మొదటి ట్యాక్సీ ఆగలేదు. రెండోది ఆగింది గానీ ఇంకొకరు ఎక్కేదాకా కదలనన్నాడు. మూడోదాన్ని చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

సీబ్‌లో విల్లా గేటు దగ్గర అమ్మణ్ణి చున్నీ తలకు చుట్టుకుని నిలబడి ఉంది. అడక్కుండా ఇంట్లోంచి ఒక్కతే బయటికి రావడం ఆరేళ్లలో ఇదే మొదలు. "తోట దారి నీకు తెలీదు గదా" అంటూ వెనక సీట్‌లో కూర్చుంది.

తోట ఉన్న బర్కా వైపు రోడ్డు ఖాళీగానే ఉంది. అయినా నిసార్‌కు కారు నిలబడిపోయినట్టే ఉంది.  మాటిమాటికీ మీటర్ ముల్లు చూస్తున్నాడు. డ్రైవర్ రేడియో పెంచితే తగ్గించమన్నాడు, తగ్గిస్తే ఆ నిశ్శబ్దాన్ని భరించలేక మళ్లీ పెట్టమన్నాడు. గుర్రప్పిల్ల బరువు ఎంతుంటుంది? రెండు వందల యాభై కిలోలా? నిన్న సాయంత్రం ఎంత తిని ఉంటుంది? మనసులో గ్రాములు లెక్క కడుతున్నాడు. ప్రతిసారీ వేరే అంకె వస్తోంది. ఏ అంకె కూడా ధైర్యం ఇవ్వడం లేదు.

"అన్నా" అంది అమ్మణ్ణి మెల్లగా. "బూజు పట్టిందని చెప్దాం. పాత మూట, పెట్టద్దండి అందాం. పెట్టడం ఆపేస్తే చాలు గదా. మందు సంగతి, కంపెనీ సంగతి ఎందుకు? నీ పని పోతుంది. నన్నూ పంపించేస్తారు."

 అదే మాట సీబ్ దాటకముందే నిసార్‌కూ తోచింది. బూజు పట్టిందంటే ఎవరూ గేటు గురించి అడగరు, తెల్ల గోతం గురించి అడగరు. గుర్రప్పిల్ల ఇంకా తినకపోయి ఉంటే ఆ అబద్ధంతోనే అంతా సర్దుకుంటుంది.

"చూద్దాం అక్కా" అన్నాడు.

తోట గేటు తెరిచే ఉంది. ఖర్జూరపు చెట్ల మధ్య ఖాళీ స్థలంలో బాబా, అంటే సాలిం అనే ఆ యాభై ఏళ్ల మనిషి, తెల్లటి పొడుగు దిష్‌దాషా అంగీ అంచు పైకి మడుచుకుని, గుర్రప్పిల్లను తాడు పట్టి గుండ్రంగా నడిపిస్తున్నాడు. ఏడాదిన్నర వయసు ఆడ గుర్రప్పిల్ల అది, ఎర్రమట్టి రంగు. మెడంతా చెమటతో నల్లబడి ఉంది. నాలుగడుగులకు ఒకసారి వెనక కాళ్లు తడబడుతున్నాయి.

వాళ్లను చూసి సాలిం ఆశ్చర్యపోయాడు. "అమ్మణ్ణీ? నువ్వెందుకొచ్చావు?" అన్నాడు హిందీలో. అంతలోనే వివరం తనే చెప్పుకొచ్చాడు. పొద్దున మేత సగం వదిలేసిందట. కడుపునొప్పి అనుకుని డాక్టర్‌కు ఫోన్ చేస్తే, తను వచ్చేదాకా నడిపిస్తూ ఉండమన్నాడట. గంట నుంచి నడిపిస్తున్నాడట. ఫోన్ బండిలోనే ఉండిపోయిందట.

అమ్మణ్ణి నిసార్ వైపు చూసింది.

గుర్రప్పిల్ల మళ్లీ తడబడింది. దాని ముక్కుపుటాలు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉన్నాయి.  బూజు అనే మాట నిసార్ నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. బూజు అంటే డాక్టర్ కడుపుకే మందు వేస్తాడు.

"అయ్యా, నేను నిసార్. ఆ దాణా ఇచ్చింది నేనే" అన్నాడు. "అది కోళ్లది. దాంట్లో గుర్రాలకు విషం లాంటి మందు ఉంది. ఫ్యాక్టరీ నుంచి చెప్పకుండా తెచ్చాను. పేరు లేని గోతంలో పోసి ఇచ్చాను. అమ్మణ్ణికి ఏమీ తెలియదు. డాక్టర్‌కు ఇప్పుడే చెప్పండి. మందు పేరు నేను చెప్తాను."

 సాలిం తాడు తోట పనివాడి చేతికిచ్చి బండి దగ్గరికి నడిచాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి నిసార్ ముందు పట్టాడు. నిసార్ మందు పేరు రెండుసార్లు చెప్పాడు.

డాక్టర్ సుడాన్ మనిషి. ఒక్కసారిగా అరిచాడు. "నడిపిస్తున్నారా? ఆపండి! ఒక్క అడుగు వెయ్యనివ్వద్దు! నీడలో నిలబెట్టండి. దాని గుండె మీద బరువు పడకూడదు."

పనివాడు ఉన్నచోటే ఆగిపోయాడు. అందరూ కలిసి ఒక గోనెపట్టా తెచ్చి, నాలుగు కర్రలు పాతి, గుర్రప్పిల్ల నిలబడ్డచోటే నీడ కట్టారు.

డాక్టర్ వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత నిసార్‌ను వరుసగా అడిగాడు. టన్నుకు ఎన్ని గ్రాములు? బాగా కలిసిందా, ముద్దలుగా ఉందా? నిన్న ఎంత పెట్టారు? పనివాడు మేత కొలిచి పెట్టిన డబ్బా చూపించాడు. నిసార్ ఆ డబ్బాతోనే గోతంలో మిగిలిన దాణా కొలిచి, రాత్రి రెండు కిలోలు, పొద్దున కిలో లోపు తిని ఉంటుందని చెప్పాడు. డాక్టర్ ముక్కులోంచి గొట్టం వేసి బొగ్గుపొడి నీళ్లు కడుపులోకి పంపాడు. సెలైన్ పెట్టాడు.

"విరుగుడు లేదు" అన్నాడు చేతులు కడుక్కుంటూ. "రేపు ఈ వేళకు నిలబడి ఉంటే బతుకుతుంది. ఇంకో గంట నడిపించి ఉంటే నాతో పని ఉండేది కాదు."

సాలిం ప్రార్థనకు వెళ్లి వచ్చాడు. వచ్చాక నిసార్‌తో "నువ్వు వెళ్లిపో" అన్నాడు. నిసార్ గేటు దాకా వెళ్లి, అక్కడే గోడ పక్కన ఆగిపోయాడు. కూర్చోలేకపోయాడు. గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. నడిచినప్పుడల్లా గోనెపట్టా కింద ఆ ఎర్రటి వీపు కదులుతోందా లేదా అని చూశాడు. మధ్యలో అమ్మణ్ణి పాలు లేని టీ తెచ్చి ఇచ్చింది.

"బాబా నన్ను అడిగినాడు" అంది. "నీకు తెలుసునా అని. తెలీదన్నా. నమ్మినాడో లేదో."

"నమ్ముతాడులే అక్కా."

"నీకేం తెలుసు?" అంది కోపంగా. "నా కోళ్లు బాగైతే చాలనుకున్నా నేను. నువ్వు ఒక్క మాట చెప్పింటే పోయేది గదా, ఇది కోళ్లకు తప్ప ఇంక దేనికీ పెట్టద్దని. ఒక్క మాట!"

నిసార్ టీ తాగలేకపోయాడు. ఆమె చెప్పింది నిజం. తొమ్మిదేళ్లలో ఆ మందు ఎవరి కడుపులోకి పోతుందో అతను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. గ్రాములు సరిగ్గా ఉంటే చాలనుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం రూమ్‌లో ఉన్న నిసార్‌కు అమ్మణ్ణి నుంచి ఒకే మాట మెసేజ్ వచ్చింది. నిలబడుండాది అని. పది రోజుల తర్వాత డాక్టర్ గుండె స్కాన్ తీసి, బతికింది గానీ ఎప్పటికీ దాని మీద ఎక్కకూడదని, పరుగెత్తించకూడదని చెప్పాడు. ఆ చలికాలం దాన్ని పోటీకి తీసుకెళ్లాలని సాలిం అనుకుంటూ ఉన్నాడట. అమ్మద్దని, తోటలోనే ఉండనీయమని పనివాడికి చెప్పాడట. అమ్మణ్ణిని పంపించెయ్యాలని ఇంటావిడ పట్టుబట్టింది. ఆ మనిషి పరుగెత్తుకుని రాకపోయి ఉంటే నా గుర్రం చచ్చేది అని సాలిం అడ్డం పడ్డాడట. నిసార్ పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదని అమ్మణ్ణి చెప్పింది.

గుర్రప్పిల్ల నిలబడిందని తెలిసిన మర్నాడే, ఆదివారం, నిసార్ డ్యూటీలోకి పోగానే వహీద్ గదికి వెళ్లి మొత్తం చెప్పాడు. వహీద్ హైదరాబాద్ మనిషి. విని, లేచి తలుపు మూశాడు.

"ఎవరన్నా కంప్లైంట్ ఇచ్చిన్రా?"

"లేదు సార్."

"మరి నాకెందుకు చెప్తున్నవయ్యా? ఇప్పుడు నేను కాయితం రాయకుండ ఉండలేను గద."

కాయితం రాశాడు. నిసార్‌ను మందుల గదిలోంచి తీసేసి లోడింగ్‌లో వేశారు. చినిగిన సంచులు ఆ పూటకు ఆ పూటే లెక్క చూసి మెషిన్‌లో పొయ్యాలని కొత్త నోటీసు అంటించారు. మందుల గది తాళం వేరేవాడి చేతికి పోయింది. వాడు డ్రమ్ము మూత సరిగ్గా బిగిస్తున్నాడో లేదో అని మొదటి వారమంతా నిసార్ ఆ కిటికీ దగ్గరికి పోయి తొంగిచూసేవాడు. ఇక్కడికి రావద్దని వహీద్ గట్టిగా చెప్పాక మానేశాడు.

ఇప్పుడు అతని పని లారీల్లోకి సంచులు ఎక్కించడం. సహమ్ నుంచి, ఇబ్రి నుంచి, తోటల నుంచి బళ్లు వస్తాయి. లోడ్ పూర్తయి డ్రైవర్ తలుపు వేసుకోబోతుంటే నిసార్ కిటికీ దగ్గరికి వెళ్లి అడుగుతాడు.

"ఇది ఎవరికి పెడతారు భాయ్?"

"కోళ్లకే. సంచి మీద రాసుంది కదా."

"తోటలో గుర్రాలున్నాయా? ఒంటెలు?"

కొందరు నవ్వుతారు. ఒకడు విసుక్కుని ఇంజన్ స్టార్ట్ చేశాడు. మొన్న ఇబ్రి నుంచి వచ్చిన ఒక ముసలి డ్రైవర్ మాత్రం ఇంజన్ ఆపి, రెండు ఒంటెలున్నాయి, ఎందుకలా అడుగుతున్నావు అన్నాడు. వెనక మూడు బళ్లు హారన్ కొడుతున్నా నిసార్ కిటికీ పట్టుకుని నిలబడే అతనికి మొత్తం చెప్పాడు.