నా మీద పడిన నింద

నేను ఒక తీగముక్కను. కొసన మెంతిగింజంత వలయం, వెనక ఒక పిడి, అంతే నా ఒళ్లు. విజయనగరంలో ఒక ఆసుపత్రి ల్యాబులో నన్ను లూపు అంటారు. రోగుల ఒంట్లో దొరికిన క్రిములను ఒక గాజుపళ్లెం నుంచి ఇంకో పళ్లేనికి మోయడం నా ఉద్యోగం. మోసిన ప్రతిసారీ బర్నరు మంటలో ఎర్రగా కాల్చేస్తారు. కష్టపడినందుకు మనుషులు నాకిచ్చే బహుమానం అది! నన్ను వంచి తయారుచేసిన ముసలి టెక్నీషియన్ రిటైరయ్యాక హైమావతి చేతికొచ్చాను.

ఒకరోజు టిఫిన్ల బండి అసిరమ్మ రక్తంలో దొరికిన ఈస్టు అనే బూజుజాతి క్రిమిని మోశాను. కడుపు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమెకు జ్వరం దిగడం లేదు. ఆ క్రిమిని చంపే ఫ్లూకొనజోల్ మందు ఎక్కిస్తూనే ఉన్నారు. హైమావతి ఆ ఈస్టును పళ్లెమంతా పూసి, మధ్యలో అదే మందు అద్దిన కాగితపు బిళ్ల పెట్టింది. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ మిగలాలి. మర్నాడు చూస్తే ఈస్టు బిళ్లను ఆనుకుని దర్జాగా పెరిగింది.

"లూపు సరిగా కాల్చలేదేమోనమ్మా, ఇంకేదో కలిసుంటుంది" అన్నారు డాక్టర్ కామేశంగారు.

మంట లేకుండానే నాకు ఒళ్లు మండిపోయింది. హైమావతి మాత్రం నన్ను మూడుసార్లు కాల్చి మళ్లీ చేసింది. మళ్లీ అదే! అప్పటికి అసిరమ్మ మాట తడబడుతోంది. డాక్టరుగారు వెంటనే మందు మార్చారు. హైమావతికి సారీ చెప్పారు, నాకెవరూ చెప్పలేదు.

తర్వాత పెద్ద ల్యాబువాళ్లు గుట్టు విప్పారు. ఈస్టు జన్యువులో ఒక్క అక్షరం మారిందట. దాంతో మందు పట్టుకోవలసిన చోటు ఆకారమే మారిపోయి, మందుకు పట్టు దొరకడం లేదట.

జ్వరం దిగాక హైమావతి వార్డుకెళ్లి అసిరమ్మను అడిగిందట, ఈ మందు ఇదివరకు వాడావా అని.

"ఏడాది బట్టి వాడతన్నానమ్మా. దురదెడితే రెండు బిళ్లలేసుకుంటాను, తగ్గిపోతే మానేస్తాను. ఊరికినే మందెందుకమ్మా మింగడం! ఇప్పుడూ తగ్గిపోనాది కదా, ఇంటికెల్లిపోతాను."

ఈస్టులో మెతకవాటిని చంపి మొండివాటిని ఏడాదిపాటు ఎంత శ్రద్ధగా పెంచిందో పాపం! హైమావతికి కోపమూ ఏడుపూ కలిసొచ్చాయి.

"రక్తంలో అది పోయాక కూడా పద్నాలుగు రోజులు మందెక్కాలి. ఈ కొత్త మందుకూ అది మొండికేస్తే ఇంకేమిచ్చి బతికించుకోమంటావు నిన్ను?"

అసిరమ్మ ఇంటికెళ్లే మాట మాని మళ్లీ మంచమెక్కిందట.

ఇప్పుడు వాడి పారేసే ప్లాస్టిక్ లూపులొచ్చి నేను సొరుగులో పడ్డాను. అయినా ఆ పద్నాలుగో రోజు హైమావతి నవ్వుతూ చెప్పిన మాట మరిచిపోలేను. అసిరమ్మ తెల్లారకముందే సంచి సర్దుకుని, నర్సు కోసం వార్డంతా వెతికిందట. ఆఖరి మోతాదు ఎక్కడ ఎగ్గొట్టేస్తారోనని.