వంకర రెయిలింగ్

కట్టుడు పళ్ళు చేయడం నా వృత్తి. వంకర ఎక్కడ కనిపించినా నా చెయ్యి ఊరుకోదు. పక్కింటివాళ్ళ గేటు ఒరిగినా సరే, సరిచేసేదాకా నాకు నిద్రపట్టదు. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది.

ఏడు నెలలుగా మామగారి యుద్ధనౌకను మూరెడు బొమ్మగా కడుతున్నాను. ఆయన కుర్రతనంలో పనిచేసిన ఓడ అది, ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారు. ఆయనకు ఒక కన్ను ఏనాడో పోయింది. రెండో కంటికి రేపు ఉదయం ఆపరేషన్. చూపు నిలుస్తుందో లేదో చెప్పలేనన్నాడు డాక్టరు. "ఈలోగా మా ఓడని ఒక్కసారి చూపించు అల్లుడూ" అని అడిగారు. అదీ మంచి ఎండ ఉంటేనే ఆయన కంటికి ఆనుతుంది. మా గదిలో ఎండ నాలుగున్నరకల్లా ఎదురు మేడ వెనక్కి పోతుంది.

ఇవాళ మూడున్నరకు మా ఆవిడ ఆయన్ని చెయ్యిపట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన భూతద్దంతో ముందు కొసనుంచి మొదలుపెట్టారు. లంగరు, ఫిరంగులు, నిచ్చెనలు. మధ్యమధ్య ఎప్పటిలాగే బస్తా కబుర్లు. బస్తా అంటే ఆ ఓడలో ఆయన నేస్తం. ముగ్గురి తిండి ఒక్కడే తినేవాడట, వాడు ఎక్కితే నిచ్చెన కుయ్యోమనేదట. ఎన్నిసార్లు విన్నా నవ్వొస్తుంది. నేను లోలోపల ఉబ్బిపోతున్నాను.

ఓడ వెనక భాగం దగ్గర భూతద్దం ఆగిపోయింది.

"ఇది మా ఓడ కాదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. "అదేంటి మామయ్యగారూ! మీరిచ్చిన ఫోటో చూసేగా చేశాను?"

"మరి ఈ రెయిలింగ్ తిన్నగా ఎందుకుంది?"

ఫోటోలో అక్కడ రెయిలింగ్ బయటికి ఒరిగి ఉంది. ఏదో తగిలి ఉంటుందనుకుని, వంకర పన్నును సరిచేసినట్టు సరిచేసిపారేశాను.

"తుఫానులో బస్తా దాన్నే పట్టుకుని వేలాడాడు. నేను వాడి చొక్కా పట్టుకున్నా. చొక్కా ఒక్కటే నా చేతిలో మిగిలింది" అన్నారాయన. "తర్వాత బాగుచేస్తామంటే మేమే వద్దన్నాం."

ఇన్నేళ్ళలో ఈ సంగతి మాకెవరికీ చెప్పలేదు. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు నా పనితనం మీదే అసహ్యం వేసింది.

నాలుగు దాటింది. ఎండ బల్ల అంచుకు జరిగిపోయింది. ఆ రెయిలింగ్ వెంట్రుకంత ఇత్తడి. అతికించిన జిగురు రాయిలా గట్టిపడింది. విరిగితే ఇంకోటి లేదు. "రేపు చేస్తాను లెండి" అనబోయి నాలుక కరుచుకున్నాను. పళ్ళకు తీగ వంచే పట్టకారు తీశాను. మా ఆవిడ ఓడను మెల్లగా ఎండలోకి జరిపింది. ఊపిరి బిగబట్టి పై కమ్మీని పట్టి బయటికి లాగాను. టిక్కుమంది. ఒక నిలువు కమ్మీ జిగురు ఊడి పైకి లేచింది. మిగతావి మాత్రం నిలిచాయి. రెయిలింగ్ ఒరిగింది.

ఓడ మీద ఇక బెత్తెడు ఎండే మిగిలింది. ఆయన భూతద్దం దగ్గరగా పెట్టి చాలాసేపు చూశారు.

"ఇంకొంచెం వంచు అల్లుడూ" అన్నారు. "వాడికి బస్తా అని పేరు ఊరికే పెట్టామా?"

వంచాను.